మీరెంత అనుకుంటున్నారు?

ఊళ్ళో అందరి డబ్బూ పైసలతో సహా లెక్కగట్టే అకౌంటెంటుని తన జీతం ఎంతో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. ఇది మా జాతి లక్షణం. పార్టీ నుంచి రావాల్సిన బాకీ కోసం ఫోన్లో గొంతు చించుకునేవాడే, ఇంటర్వ్యూలో "ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు?" అనగానే కుర్చీ అంచుకు జరిగి, "మీరే చూసి ఇవ్వండి సార్" అంటాడు. వాళ్ళు చూస్తారు. ఇవ్వరు.

మాలో ఒక్క జీతానికి మూడు పుస్తకాలు నడుస్తాయి. పెళ్ళిసంబంధం వాళ్ళకు చెప్పే అంకె ఒకటి, చేబదులు కోసం వచ్చిన బంధువుకు చెప్పే అంకె ఇంకొకటి, ఇంటర్వ్యూలో చెప్పే అంకె మరొకటి. మొదటిది ఎలాగూ పెద్దది, రెండోది మరీ చిన్నది, మూడోదే ఎటూ తేలదు. ఎక్కువ చెబితే పొమ్మంటారని భయం. తక్కువ చెబితే వెంటనే "సరే" అంటారని అంతకన్నా భయం. అడిగింది అడిగినట్టు ఒప్పేసుకున్న యజమాని అంత దిగులు పుట్టించేవాడు ఇంకొకడు ఉండడు. ఇంకో మూడువేలు అడిగుంటే పోయేదేముందని ఆ రాత్రంతా పక్క మీద దొర్లడమే.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పైపులు, ఫిట్టింగులు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణానికి వెళ్ళాను. పైన మెజనైన్‌లో ఆఫీసు, తల ఎత్తితే ఫ్యాను తగులుతుంది. యజమాని బిల్లుబుక్కు మీద నుంచి కళ్ళెత్తకుండానే పరీక్ష మొదలుపెట్టాడు.

"టీడీఎస్ ఎప్పుడు కట్టాలి బాబూ?"

"వచ్చే నెల 7లోపండీ."

"జీఎస్టీఆర్ వన్?"

"11."

"పీఎఫ్?"

"15."

"త్రీబీ?"

"20."

ఆయనకు ముచ్చటేసింది. ఆ ఊపులో నేనూ అడిగేశాను. "మరి జీతాలు ఏ తారీఖున ఇస్తారండీ?"

"అది కలెక్షన్‌ని బట్టి బాబూ."

సర్కారుకు తారీఖు తప్పితే వడ్డీ, లేటు ఫీజు. నాకు తప్పితే, "మనమంతా ఒక ఇల్లులాంటి వాళ్ళం కదా."

తర్వాత అసలు సంగతికొచ్చాం. 30 వేలు అన్నాను. "ఇదివరకు ఉన్నాయన 22కే చేశాడు" అన్నాడు. "మరి ఎందుకు మానేశారండీ?" అన్నాను. టీ ఇవ్వడానికొచ్చిన కుర్రాడు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. బేరం 25 దగ్గర ఆగింది. "12 వేలు బ్యాంకులో వేస్తాం, మిగతా 13 చేతికిస్తాం" అన్నాడు. ఒక మనిషికి ఒక్క రోజులో 10 వేలు దాటి నగదు ఇస్తే ఆదాయపన్ను లెక్కల్లో అది ఖర్చుగా చెల్లదని వినయంగా మనవి చేసుకున్నాను. ఆయన మొదటిసారి తలెత్తి నావైపు చూశాడు. "అయితే రెండు విడతలుగా ఇస్తాం. ఇంత చదివినవాడివి, ఆ ముక్క నీకు తట్టొద్దూ?"

దుకాణంలో కనీసం మోసం కళ్ళకు కనిపిస్తుంది. కంపెనీల్లో అది ఎక్సెల్ షీటులో వస్తుంది, రంగులు వేసి మరీ. మాదాపూర్‌లో ఒక హెచ్చార్ అమ్మాయి చల్లగా నవ్వుతూ "మీ ప్యాకేజీ 4 లక్షల 20 వేలు సార్" అంది. నెలకు 35 వేలు కదా అని నేను మనసులోనే కొత్త ఫ్రిజ్ కొనేశాను. ఆ తర్వాత బ్రేకప్ షీటు తెరిచింది. బేసిక్ 17,500. యజమాని వాటా పీఎఫ్ 1,800, అదీ నా ప్యాకేజీలోంచే. గ్రాట్యుటీ 842. ఇన్సూరెన్స్ ప్రీమియం 500. వేరియబుల్ పే నెలకు 3,000, కాకపోతే ఏడాదికోసారి, కంపెనీ బాగుంటే, నేను బాగుంటే, మా మేనేజరు మనసు బాగుంటే. ఇవన్నీ పోను 28,858. అందులో మళ్ళీ నా వాటా పీఎఫ్ 1,800, వృత్తిపన్ను 200. చేతికొచ్చేది 26,858. ఫ్రిజ్ వెనక్కిచ్చేశాను.

ఆ గ్రాట్యుటీ గురించి ఒక్క మాట. ఐదేళ్ళు కదలకుండా కూర్చుంటేనే వచ్చే సొమ్ము అది. దానికి కంపెనీ తన పుస్తకాల్లో ప్రావిజన్ పెట్టుకోవడం ముమ్మాటికీ న్యాయమే, ఆ ఎంట్రీ వేసేదీ నేనే. కానీ ప్రావిజన్‌తో పాలవాడి బాకీ తీరదు కదమ్మా అన్నాను. ఆ అమ్మాయి దాన్ని "అభ్యర్థికి ప్రశ్నలు ఎక్కువ" అని రాసుకున్నట్టుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా తమ్ముడు ఒక సూత్రం చెబుతుంటాడు: "అన్నయ్యా, అంకె ముందు నువ్వు చెప్పకు." వాడికి చెల్లుతుందేమో. మా దగ్గర మూడు నెలల పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు ముందే పెట్టించుకుని, పాత జీతం మీద ఓ పది శాతం వేసి, ఏదో వరమిచ్చినట్టు చూస్తారు. పాత చోట తక్కువిస్తున్నారనే కదా ఇక్కడికి వచ్చింది! ఆ తక్కువనే పునాదిగా పెట్టి కొత్త ఇల్లు కడతామంటే ఎలా?

నా పద్ధతి వేరు. అంకె అడగ్గానే నేను పుస్తకాల ఆరోగ్యం అడుగుతాను. బ్యాంకు రీకన్సిలియేషన్ ఏ నెల దాకా అయింది? సస్పెన్స్ ఖాతాలో ఎంత మూలుగుతోంది? జీఎస్టీ వాళ్ళ నోటీసులేమైనా తెరవకుండా సొరుగులో ఉన్నాయా? ఈ మూడింటికీ జవాబు చెప్పేటప్పుడు యజమాని ముఖం చూస్తే చాలు, నా జీతం ఎంతో తేలిపోతుంది. "సస్పెన్సా? అబ్బే, పెద్దగా లేదు, ఓ 18 లక్షలు" అన్నచోట నేను 30 అనను, 40 అంటాను. పైగా కాలమూ చూసుకోవాలి. బీకాం ఫలితాలు రాగానే అమీర్‌పేటలో ట్యాలీ నేర్చుకున్న పిల్లలు ఎంతకైనా సరేనంటూ బయల్దేరతారు, ఆ రోజుల్లో మనకు ధర పలకదు. అదే సెప్టెంబరు రెండోవారంలో, పాత అకౌంటెంటు చెప్పకుండా మానేసి, 30వ తారీఖు ట్యాక్స్ ఆడిట్ గడువు తరుముకొస్తుంటే, యజమానే లిఫ్టు దాకా ఎదురొస్తాడు.

చివరగా యజమానులకు ఒక విన్నపం. అకౌంటెంటు కావాలని ప్రకటన వేసేటప్పుడు, "జీతం అర్హతను బట్టి" అని రాయకండి. అంకె వేసేయండి, చేతికొచ్చే అంకె. మిగతా ఎవరి దగ్గర దాచినా మా దగ్గర దాచి లాభం లేదు. చేరిన నెలాఖరుకల్లా శాలరీ రిజిస్టరు రాసేది మేమే. ఆఫీసు ముఖం చూడని మీ బామ్మర్దికి నెలకెంత వెళ్తోందో ఆ రోజే చూసేస్తాం.