ముందు ఆట, తరవాత నోటు

ఇప్పటి పిల్లలకి డబ్బు ఎక్కువైందో బుద్ధి తక్కువైందో నేను చెప్పలేను గానీ, లేని ఆటకి డబ్బు కట్టడం మాత్రం బాగా అలవాటైంది. ఉన్న ఆటకి కాదు నాయనా, లేని ఆటకి. నాలుగు బొమ్మలు గీసి, చిన్న వీడియో తీసి, గడ్డం పెంచిన కుర్రాడొకడు కెమెరా వైపు దీనంగా చూస్తూ ఇది మా కల, మీరు తలో చెయ్యి వేస్తే నిజమవుతుంది అంటే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వేలమంది కార్డు నంబర్లు కొట్టేస్తారు. దీన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారట. మా రోజుల్లో ఇలా వసూలు చేసి ఆర్నెల్లు కనబడకుండా పోయినవాణ్ణి వేరే పేరుతో పిలిచేవాళ్ళం. ఆ పేరు ఇక్కడ అచ్చు వేయించను.

మా రోజుల్లో వరస వేరు. ముందు ఆడు, నచ్చితే ఇవ్వు. దాన్ని షేర్‌వేర్ అనేవాళ్ళు. డూమ్ పేరు విన్నావుగా, 1993 డిసెంబరులో టెక్సస్‌లో ఐడి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు దాన్ని విస్కాన్సిన్ యూనివర్సిటీ సర్వర్ మీదకి ఎక్కించి వదిలేశారు. మొదటి భాగం మొత్తం ఊరికే. ఆడుకో, కాపీ తీసుకో, పక్కింటివాడికి ఇచ్చుకో, అడిగేవాడు లేడు. మిగతా రెండు భాగాలు కావాలంటే అప్పుడు డబ్బు కట్టి పోస్టులో తెప్పించుకోవాలి. ఈ పద్ధతిని అపోజీ అనే సంస్థ పెట్టిన స్కాట్ మిల్లర్ 1987లోనే క్రోజ్ అనే ఆటతో నడిపి చూపించాడు. రుచి చూపించి అమ్మడమన్నమాట. నాలిక మీద వేసుకున్నాక బాగాలేదంటే మూతి తుడుచుకుని వెళ్ళిపోవచ్చు. మర్యాదస్తుల వ్యాపారం.

మరి మీరు పంపారా డబ్బులు అని మధ్యలో అడక్కు. పెద్దవాళ్ళు మాట్లాడుతున్నప్పుడు అడ్డు రావడం ఒకటి నేర్చారు మీరు. మాలో డాలరు మొహం చూసినవాడెవడు? విజయవాడలో మేం కోబాల్ నేర్చుకున్న కంప్యూటర్ సెంటరులో చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని, గుళ్ళోకి వెళ్ళినట్టు వెళ్ళాలి. ఏసీ కంప్యూటర్ల కోసం, మా కోసం కాదు. సారు టీకి లేచాడంటే ఫ్లాపీ బయటికి వచ్చేది. ఆ ఫ్లాపీ ఎవరిదో, ఎక్కణ్ణుంచి వచ్చిందో దేవుడికే తెలియాలి. వంద చేతులు మారి వచ్చేది, వచ్చేటప్పుడు ఓ వైరస్‌ని కూడా వెంటబెట్టుకుని వచ్చేది.

అందులో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఉండేది. తెలుపు నలుపు మానిటరు మీద ఆడేవాళ్ళం, అందుకని రాజకుమారి కట్టిన బట్టల రంగేమిటో ఇప్పటికీ నాకు తెలీదు. మొదటి లెవెల్ దాటగానే ఓ గది వచ్చేది. గది నిండా సీసాలు, ఒక్కో సీసా మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం. ఆటతో ఇచ్చిన పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా మాట చూసి, దాని మొదటి అక్షరమున్న సీసా తాగమంటుంది. పుస్తకం డబ్బిచ్చి కొన్నవాడి దగ్గర ఉంటుంది. మా దగ్గర ఫ్లాపీ ఉంది, పుస్తకం లేదు. తప్పు సీసా తాగితే ప్రాణం తగ్గేది. మా బ్యాచ్‌లో ఒకడు పట్టు వదలకుండా సీసా తరవాత సీసా తాగించి, ఏ పేజీకి ఏ లైనుకి ఏ అక్షరమో కోబాల్ నోట్సు చివరిపేజీలో పట్టిక రాసుకున్నాడు. నోట్సు అడిగినవాడు లేడు గానీ ఆ ఒక్క పేజీకి జిరాక్సు షాపు దగ్గర క్యూ కట్టారు. నలుగురూ కలిసి ఒక ఆటకి సాయపడటమంటే మాకు అది. ఇందులో ఆట చేసినవాడికి దక్కిందేమిటంటావా? మళ్ళీ అడ్డు వస్తున్నావు.

ఆ ఆట చేసిన జోర్డాన్ మెక్‌నర్ ఎవణ్ణీ దేబిరించలేదు. కరాటెకా అని అంతకుముందు ఓ ఆట చేసి ఉన్నాడు, దాని రాయల్టీలు వస్తున్నాయి. తమ్ముడికి తెల్లబట్టలు తొడిగి, పరిగెత్తించి, గోడలెక్కించి, వీడియో తీసి, ఫ్రేము తరవాత ఫ్రేము గీసుకుంటూ కూర్చుని 1989కి బయటికి తెచ్చాడు. ఖర్చు లేని నటుడు, ఇంట్లోవాడే. డూమ్ కుర్రాళ్ళ కథా అంతే. అంతకుముందు వాళ్ళు కమాండర్ కీన్ చేసినప్పుడు స్కాట్ మిల్లర్ ఇచ్చిన అడ్వాన్సు 2,000 డాలర్లు. సొంత కంప్యూటర్లు లేక, పనిచేసే ఆఫీసు కంప్యూటర్లనే శుక్రవారం కార్లో వేసుకుని ఇంటికి పట్టుకుపోయి, సోమవారం గప్‌చుప్‌గా తెచ్చి పెట్టేసేవాళ్ళు. అలా చేసిన ఆటని 1990 డిసెంబరులో వదిలారు. ఆఫీసు సొత్తు ఇంటికి తీసుకుపోవడం తప్పు కాదా అంటే తప్పే. అయినా జనం జేబులో చెయ్యి పెట్టలేదు కదా అని నా వాదన. వాదన కొంచెం వంకరగా ఉందని నాకూ తెలుసు.

ఇక మీ కాలానికి వద్దాం. 2009లో అమెరికాలో కిక్‌స్టార్టర్ మొదలైంది. దాని నియమం వినడానికి బాగానే ఉంటుంది. గడువులోగా అడిగినంత పోగైతేనే డబ్బు చేతికొస్తుంది, ఒక్క డాలరు తగ్గినా అందరిదీ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. నెగ్గితే సైటువాళ్ళు నూటికి 5 కోసుకుంటారు, కార్డు ఖర్చులు వేరే. డబ్బు కట్టినవాడికి కంపెనీలో వాటా లేదు, వడ్డీ లేదు. మా వీధిలో చిట్టీ కట్టేవాళ్ళకి కనీసం చిట్టీ నడిపే ఆవిడ ఇల్లు తెలుసు, వాయిదా దాటితే వెళ్ళి అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఎక్కడో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నవాడి అరుగు మీద ఎలా కూర్చుంటావు? నీకొచ్చేది ఆట, ఓ టీషర్టు, ఆట చివర చీమల బారులాగా పైకి పోయే పేర్లలో నీ పేరు. అదీ ఎప్పుడు? ‘అంచనా డెలివరీ’ అని ఓ నెల రాస్తారు. అంచనా అన్న మాటని అంత స్వేచ్ఛగా వాడినవాళ్ళని మా మునిసిపాలిటీ కాంట్రాక్టర్లలో కూడా చూడలేదు.

2012 ఫిబ్రవరిలో టిమ్ షేఫర్ ఓ ఆట చేస్తాను, 4 లక్షల డాలర్లు ఇవ్వండన్నాడు. మంకీ ఐలండ్ రాసిన ముగ్గురిలో ఒకడు, మా కాలంవాడే, అందుకే నాకు ఇంకా మంట. రోజు తిరక్కుండా అడిగినంతా వచ్చేసింది. నెల తిరిగేసరికి 87 వేలమంది కలిసి 33 లక్షలు పోశారు. ఆట ఎలా ఉంటుందో, దాని పేరేమిటో కూడా అప్పటికి ఎవరికీ తెలీదు. అక్టోబరుకి ఇస్తామన్నారు. ఏ అక్టోబరు? మరుసటి ఏడాది జులైలో, డబ్బు చాలడం లేదు, ఆటని రెండుగా కోసి మొదటి ముక్క అమ్మి రెండో ముక్క చేస్తామన్నారు. అడిగినదానికి ఎనిమిదింతలు వచ్చినా చాల్లేదు! చేతిలో డబ్బు చూసి ఆశ పెంచుకున్నారు, ఆశతో పాటు ఆటా పెరిగింది. బ్రోకెన్ ఏజ్ మొదటి సగం 2014 జనవరిలో, రెండోది 2015 ఏప్రిల్లో వచ్చాయి. మా రోజుల్లోనూ ఆట ముక్కలుగానే వచ్చేది, కాదనను, కానీ మొదటి ముక్క ఊరికే ఇచ్చేవాళ్ళు.

అది నయం, వచ్చింది. 2012లోనే వింగ్ కమాండర్ చేసిన క్రిస్ రాబర్ట్స్ స్టార్ సిటిజన్ అన్నాడు. రెండేళ్ళలో 2014కల్లా అన్నాడు. ఇంకా పూర్తి ఆట రాలేదు. డబ్బు మాత్రం ఆగలేదు, 2022లోనే 50 కోట్ల డాలర్లు దాటింది. పూర్తికాని ఆటలో ఎక్కడానికి లేని అంతరిక్ష ఓడలు అమ్ముతారు. 2018లో దాదాపు ఓడలన్నీ కలిపి 27,000 డాలర్లకి ఓ మూట పెట్టారు. ఆ మూట ధర చూడాలన్నా అప్పటికే వెయ్యి డాలర్లు ఖర్చు పెట్టినవాడై ఉండాలి. పెళ్ళిచూపులకి ముందే కట్నం అడిగేవాళ్ళని చూశాను గానీ, పిల్ల ఫోటో చూపించడానికి అడ్వాన్సు అడిగేవాళ్ళని చూడలేదు.

అందరూ అలాంటివాళ్ళే అంటే మా అక్క మనవడు ఊరుకోడు. వాడిది హైదరాబాదులో ఆటలు చేసే కంపెనీలో ఉద్యోగం, ఏం ఆటో చెప్పినా నాకు అర్థం కాలేదు. అండర్‌టేల్ సంగతేమిటి తాతా అంటాడు. టోబీ ఫాక్స్ అనే కుర్రాడు 2013లో 5,000 డాలర్లు అడిగితే 51 వేలు వచ్చాయి, దాదాపు ఒంటిచేత్తో 2015లో ఆట ఇచ్చాడు. నిజమే. కానీ ఆ కుర్రాడేం చేశాడో చూడు. డబ్బు అడగడానికి ముందే ఆటలో మొదటి కొంత డెమోగా ఊరికే వదిలాడు. ఆడించి అప్పుడు అడిగాడు. అది మా పద్ధతి కాదూ? పద్ధతి మాది, పేరు మీది. ఆ మాట అన్నాక మావాడు కాసేపు మాట్లాడలేదు. ఫోన్ చూసుకుంటున్నాడని తరవాత తెలిసింది.

హాలో నైట్ అంటాడు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ కుర్రాళ్ళు, 2014లో 35 వేల ఆస్ట్రేలియా డాలర్లు అడిగితే 57 వేలు వచ్చాయి, 2017లో ఆట వచ్చింది, బ్రహ్మాండం అన్నారు. ఇంకొంచెం పోగైతే మరో పాత్రతో ఆడుకునే భాగం కలుపుతామన్నారు. ఆ భాగం పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అనే సొంత ఆటైపోయి 2025 సెప్టెంబరులో వచ్చింది. ఆ రోజు కొనడానికి ఎగబడ్డ జనానికి ఆన్‌లైన్ దుకాణాలు కూలబడ్డాయి. అప్పుడు డబ్బిచ్చినవాళ్ళకి మాత్రం అది ఉచితం. పదకొండేళ్ళ తరవాత మాట నిలబెట్టుకున్నారు, శభాష్. 2014లో ఇరవై ఏళ్ళవాడికి ఇప్పుడు ఆడుకునే తీరిక ఉందా లేదా అన్నది వేరే సంగతి.

మరి మనవాళ్ళ గొడవ? పుణె వాళ్ళు రాజీ అనే ఆట చేశారు. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే ఆడపిల్ల కథ, మన పురాణాలు, రాజస్థాన్ కోటలు. 2017లో కిక్‌స్టార్టర్ మీద పెడితే అడిగినంత రాలేదు, నియమం ప్రకారం పైసా చేతికి రాలేదు. అయినా మరో దారి చూసుకుని 2020లో ఆట తెచ్చారు. లేని ఓడలకి కోట్లు పోసే జనానికి ఈ పిల్ల కనబడలేదు. చందా వేసేది మంచి ఆటకి కాదు నాయనా, ముందే తెలిసిన పేరుకి. ఈ విషయంలో మా కాలమూ మీ కాలమూ ఒకటే. ఒప్పుకోవడం నాకిష్టం లేదు, అయినా రాసేశాను.

రాసేశాక ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఆ సీసాల పట్టిక రాసినవాడే గ్రాఫ్ పేపరు మీద సొంత ఆట గీశాడు. కృష్ణా బ్యారేజీ మీద దొంగ, వెనక పోలీసు, డెబ్భై గేట్లు, ఏ గేటు ఎప్పుడు ఎత్తాలో లెక్క. అన్నీ గళ్ళల్లో పెన్సిల్‌తో నింపాడు. ఎవణ్ణి అడగాలో వాడికీ తెలీదు, మాకూ తెలీదు. ముందు ఆట తరవాత నోటు అంటే, ముందు ఆట చేసేదాకా తిండిపెట్టే కరాటెకా ఒకటి ఉండాలి కదా. వాడికి లేదు. వాడు బ్యాంకులో చేరి, మేనేజరుగా రిటైరయ్యాడు, ఆ గ్రాఫ్ పేపర్లు ఏమయ్యాయో వాడికే గుర్తులేదు. ఇప్పుడైతే గడ్డం పెంచుకుని కెమెరా ముందు కూర్చునేవాడేమో. గడ్డం వాడికి నప్పదనుకో.

అయినా అడగడం మాకు నామోషీ. మీకు లేదు, అదొక్కటే తేడా. మా అక్క మనవడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఏదో చందా పేజీ పెడుతున్నాడట. డెమో ఉందా అన్నాను. ఉంది తాతా, ఆడి చూడు అన్నాడు. ఆడాను. మొదటి గుంటలోనే పడి చచ్చాను, కళ్ళజోడు మార్చి మళ్ళీ చచ్చాను. బాగానే ఉంది, వాడితో అనలేదు గానీ. ఆ టీషర్టు వద్దు, నాకు పట్టదు. చివర వచ్చే పేర్లలో మాత్రం ఇంటిపేరు ముందు వెయ్యమన్నాను, అమెరికా వాళ్ళలా వెనక తగిలించొద్దని. స్పెల్లింగు నేనే రాసిస్తాను. డబ్బెంతో వాళ్ళమ్మకి చెప్పొద్దన్నాను.