లారీ గారి బయోడేటా

లారీ గారి ఖాతాలో 2024లో 12 పరిశోధనా పత్రాలు, వందకు పైగా సైటేషన్లు, అంటే ఇతర పత్రాలు వాటిని ఉటంకించిన సందర్భాలు, ఉండేవి. పాతికేళ్లు సుద్దముక్కలు అరగదీసిన మన మాస్టార్లలో చాలామందికి లేని యోగ్యత. చిక్కల్లా ఒక్కటే, లారీ గారు పిల్లి. సైటేషన్ల అంగడి ఎలా నడుస్తుందో చూపించాలని 2024లో రీస్ రిచర్డ్‌సన్, నిక్ వైజ్ అనే ఇద్దరు పరిశోధకులు గణితంలా కనిపించే చెత్తను కంప్యూటర్ చేత రాయించారు. 12 పత్రాలకు కర్త రిచర్డ్‌సన్ వాళ్ల కుటుంబంలోని ఈ పిల్లి. ఇంకో 12 చెత్త పత్రాలు, ఒక్కొక్కటీ లారీవి పన్నెండూ ఉటంకిస్తూ. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. పరిశోధనా పత్రాలను వెతికిపెట్టే గూగుల్ స్కాలర్ వాటిని నమ్మి లెక్కేసుకుంది.

నవ్వకండి. పేపరు చదివి మార్కు వేయాలంటే ఆ సబ్జెక్టు తెలిసిన మనిషి ఓ పూట కూర్చోవాలి. లెక్కపెట్టడానికి జూనియర్ అసిస్టెంటు చాలు. అందుకే కాబోలు, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2010లో అధ్యాపకుల ప్రమోషన్లకు పేపర్లను లెక్కపెట్టే పాయింట్ల పద్ధతి తెచ్చింది. పాయింట్లు కావలసినవాళ్లు తయారయ్యాక, అమ్మేవాళ్లు తయారవరా?

అయ్యారు. ‘గౌరవనీయులైన డాక్టర్ గారికి, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే! మీ అమూల్య పరిశోధన మమ్మల్ని ముగ్ధులను చేసింది’ అంటూ మెయిలొస్తుంది. మీరు పరిశోధించింది కాకతీయుల శాసనాల మీద. ఆ జర్నల్ దంతవైద్యానిది. ఫరవాలేదు, అట్ట మీద ‘మల్టీ డిసిప్లినరీ’ అని ఉందిగా! సోమవారం పంపితే గురువారానికి అంగీకారం, ఫోన్‌పే కొడితే శుక్రవారానికి ప్రచురణ, శనివారానికి బంగారు అంచు సర్టిఫికెట్ పీడీఎఫ్. హార్డ్ కాపీకి కొరియర్ ఖర్చు అదనం. సహరచయితగా ప్రిన్సిపాల్ గారి పేరు పెట్టడం మరిచారో, ఆదివారం ఇన్విజిలేషన్ డ్యూటీ మీదే.

పెద్దలు ఊరుకున్నారనుకోకండి. 2018లో యూజీసీ తన ఆమోదిత జాబితాలోంచే 4,305 జర్నళ్లను ఒక్క దెబ్బన తీసేసింది. వాటిని ఎక్కించిందెవరని అడగడం మర్యాద కాదు. ఆపైన నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ ‘కేర్’ జాబితా వచ్చింది. 2025లో అదీ ఎత్తేసి, ఏ విద్యాసంస్థ మంచిచెడ్డలు ఆ సంస్థే చూసుకోమన్నారు. ఈ దొంగ జర్నళ్ల విద్యలో మన హైదరాబాద్ ఖ్యాతి సముద్రాలు దాటింది కూడా. ఇక్కడి నుంచి వందల జర్నళ్లు నడిపిన ఓ సంస్థను 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. పీర్ రివ్యూ చేయిస్తామన్న మాట ఉత్తదట, రుసుము సంగతి ముందు చెప్పలేదట.

పీర్ రివ్యూ అంటే తెలిసినవాళ్లు చదివి తప్పులు పట్టడం. 2013లో జాన్ బొహానన్ అనే పాత్రికేయుడు, ఇంటర్ కెమిస్ట్రీ శ్రద్ధగా చదివినవాళ్లు పట్టేయగల తప్పులతో ఓ దొంగ క్యాన్సర్ పేపరు వండి ఎవరైనా ఉచితంగా చదవగల 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు పంపితే, 157 వేసుకుంటామన్నాయి. దక్షిణ కొరియాలో ఒకాయనైతే దొంగ ఈమెయిళ్లు సృష్టించుకుని తన పేపర్లను తనే రివ్యూ చేసుకున్నాడు. సొంత పేపరుకు చిన్నచిన్న సవరణలు కూడా సూచించుకున్నాడు పాపం, నిజాయితీపరుడు. చివరికి పాతికకు పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎలా దొరికాడంటారా? రివ్యూలు ఒక్కరోజులోనే వచ్చేస్తున్నాయని సంపాదకుడికి అనుమానం తగిలింది. లోకరీతి ప్రకారం ఆర్నెల్లు నాన్చి ఉంటే ఈపాటికి ఏ అకాడమీలోనో ఫెలో అయ్యేవాడు.

ఇవన్నీ గల్లీ దుకాణాలు, పెద్ద జర్నళ్లలో ఇలా ఉండదంటారా? ఉండదు. అక్కడ రేటు వేరు. మీ పేపరు లోకమంతా ఉచితంగా చదవాలంటే ‘నేచర్’ 2021లో అడిగింది 9,500 యూరోలు, సుమారు ఎనిమిదిన్నర లక్షల రూపాయలు. రాసినవారికి జీతం, పరిశోధనకు గ్రాంటు ఇచ్చేది చాలావరకు ప్రభుత్వమే. రివ్యూ చేసేవాళ్లు పైసా పుచ్చుకోరు. సరుకులు మనవి, వంట మనది, వడ్డన మనది, ఆ రుసుము కట్టని పేపరైతే, విస్తరి ముందు కూర్చోవాలంటే చదువరి చందా టికెట్టు కొనాలి. ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పేరిట 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో కొన్నది ఆ టికెట్టే. జిల్లా ప్రభుత్వ కాలేజీ పిల్లవాడికి కూడా దాదాపు 13,000 జర్నళ్లు అందుతాయంటే నాకూ సంతోషమే. కాకపోతే పాయింట్ల హడావిడిలో చదవడానికి తీరిక ఎవరికుందన్నదే నా బెంగ.

ఇలా వెనక్కి తీసుకున్న పేపర్లకు, అంటే రిట్రాక్షన్లకు, విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో 2025 నుంచి మైనస్ మార్కులు మొదలయ్యాయి. కాబట్టి ప్రతి కాలేజీలోనూ ఓ రిట్రాక్షన్ కమిటీ వేస్తారు, చూస్తూ ఉండండి. ఒక కన్వీనరు, ముగ్గురు సభ్యులు, ఓ మినిట్స్ పుస్తకం, టీ బిస్కెట్లు. తొలి సమావేశంలో తొలి ప్రశ్న కూడా నాకు తెలుసు: ‘ఈ కమిటీలో ఉన్నందుకు పాయింట్లెన్ని సార్?’