బాష్పబోధిని: ఒక కుక్కరు పద్యానికి టీకా తాత్పర్యము

మూలము (ఆ.వె.)

మూత పెట్టి తిప్పి మోతకై వేచితి;
కూత లేదు గాని కూర లుడికె;
అంకె మారుచుండె, నాకలి పెరిగెను;
పిన్ను దిగెడు దాక పిలువకమ్మ!

అవతారిక

డాలసుకు ఉత్తరాన ఫ్రిస్కో అని ఒక ఊరు కలదు. తెలుగువారు దండిగా కాపురాలున్న ఆ ఊళ్ళో కొడుకు ఇంట ఆరు నెలలుండి పోదామని తెనాలి నుంచి వచ్చిన ఒక అత్తగారు ఈ పద్యానికి నాయిక, కవయిత్రి కూడా. నాయికా భేదాలలో ఈమెను ఎక్కడ చేర్చాలన్నది వ్యాఖ్యాతకు ఎదురైన మొదటి చిక్కు. ప్రోషితభర్తృక అందామంటే దేశాంతరం పోయినది భర్త కాదు, ఈమెయే. ఆయన తెనాలిలో ఇంటికి కాపలా ఉండి, తులసికోటలో నీళ్ళు పోస్తూ, కర్రీ పాయింటు కూరలతో కాలం గడుపుతున్నాడు. ఆలంకారికులు ఊహించని స్థితి గనుక దాటిపోదాం.

సందర్భం ఇది. కోడలు మేడమీద గదిలో తలుపు వేసుకుని ఆఫీసు మీటింగులో ఉంది. పోతూ పోతూ వంటింటి గట్టుమీదున్న విద్యుత్ ప్రెషర్ కుక్కరు చూపించి, "అత్తయ్యా, పప్పు కడిగి పోసి, మూత తిప్పి, ఈ బటన్ నొక్కి పది పెట్టండి, అంతే" అని చెప్పింది. ఆ 'అంతే'లో దాగినదాన్ని విప్పడమే ఈ టీకాకు ప్రయోజనం.

కొలిచెలమ మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసేముందు ప్రతిజ్ఞ పట్టాడు. మొదటి సగం పాటించడానికి ప్రయత్నిస్తాను. రెండో సగం సంగతి మాత్రం హామీ ఇవ్వలేను. కుక్కరుతో వచ్చిన పుస్తకం ఒకసారి తిరగేసినవారెవరూ ఆ ప్రతిజ్ఞకు నన్ను కట్టివేయరు.

ప్రతిపదార్థము, విశేషములు

మూత పెట్టి = మూతమీది బాణం గుర్తును కుక్కరుమీది గుర్తుతో కలిపి; తిప్పి = ప్రదక్షిణంగా తిప్పి. అప్రదక్షిణంగా తిప్పితే ఊడివస్తుంది. ఇక్కడ అధ్యాహారం చేసుకోవలసినవి రెండున్నాయి. ఒకటి, లోపలి స్టీలు గిన్నె. అది పెట్టకుండా నేరుగా నీళ్ళు పోసినవారు లోకంలో కలరు. నీరు కాయిలుమీదికి, కరెంటు సామగ్రిమీదికి పోతుంది. ఆ తరువాత పద్యం చెప్పే ఓపిక ఎవరికీ ఉండదు. రెండవది, మూతమీద ఉండే పిడి. అది ఒక పక్కకు ఉంటే ఆవిరి లోపల నిలుస్తుంది, రెండో పక్కకు ఉంటే బుస్సున పోతూనే ఉంటుంది. ఈ పిడి వదులుగా, చెయ్యి తగిలితే ఊగేలా ఉంటుంది. చూసినవారెల్లరు ఇది చెడిపోయిందనే అనుకుంటారు. అది అలా వదులుగా ఉండేటట్టే చేస్తారు, బిగించబోకూడదు.

మోతకై = విజిలు కొరకు; వేచితి = సోఫాలో కూర్చుని, టీవీ శబ్దం తగ్గించి, చెవి వంటింటివైపు పెట్టి ఎదురుచూచితిని. ఈ పద్యానికి ప్రాణం ఈ పాదమే గనుక కొంచెం నిలుద్దాం.

తెలుగింట విజిలు అన్నది కాలమానం. "నాలుగు కూతలు రానిచ్చి కట్టెయ్" అని తల్లి ఫోనులో చెప్తే వంట వచ్చేసినట్టే. స్నానానికి పోతున్న మనిషి గుమ్మంలోంచే "మూడయ్యాక సిమ్‌లో పెట్టండి" అని కేకేస్తుంది. పేపరు చదువుతున్న మగవాడు రెండు దాకా లెక్కపెట్టి, ఆటల పేజీకి రాగానే మరిచిపోతాడు. "ఇప్పుడొచ్చింది మూడోదా, నాలుగోదా?" అన్న తగువుకు ఏ ఇంట్లోనూ ఇంతవరకు తీర్పు రాలేదు. పక్కవాటావాళ్ళకు మన లెక్క మనకంటే బాగా తెలిసేది కూడా.

ఇక్కడ పూర్వపక్షి లేచి, "విజిలు లేనిది కుక్కరు ఎట్లగును? ఎన్ని కూతలో చెప్పలేని యంత్రాన్ని నమ్మి కందిపప్పు పోయడం సాహసం కాదా?" అంటాడు.

సమాధానం. విజిలుకు కాలం చెప్పే పని ఎవరూ అప్పగించలేదు. లోపల పీడనం హద్దు దాటబోతే మూతమీది బరువును ఎత్తి, ఎక్కువైన ఆవిరిని బయటికి పంపడం దాని పని. ఈ సంప్రదాయానికి ఆదిగురువు డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు. 1679లో లండనులోని రాయల్ సొసైటీవారికి తన 'డైజెస్టర్' చూపించాడు. ఎముకలను సైతం మెత్తబరిచే ఆ పాత్ర పేలిపోకుండా, బరువు వేలాడదీసిన కవాటం ఒకటి అమర్చాడు. మన విజిలు ఆ కవాటపు వంశంలోదే. 1682 ఏప్రిలులో ఆ పాత్రలో వండిన విందు తిన్న జాన్ ఈవ్లిన్ తన దినచర్యలో ఆ రుచుల సంగతి రాసుకున్నాడు. ఎన్ని కూతలకు దించారన్న ప్రస్తావన అందులో లేదు.

పైగా విజిలు ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. మంట పెద్దదైతే గబగబా కూస్తుంది, సిమ్‌లో ఉంటే బద్ధకిస్తుంది. మూడు లీటర్ల కుక్కరులో మూడు కూతలు వేరు, అయిదు లీటర్లలో సగానికి పోసిన మూడు కూతలు వేరు. గాస్కెట్టు అరిగితే అసలు కూయనే కూయదు. ఆ మాటకొస్తే పాత కుక్కర్లతో వచ్చిన పుస్తకాల్లోనూ 'ఆవిరి నిండాక మంట తగ్గించి ఇన్ని నిమిషాలు' అనే రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని మనం అటకెక్కించి, కూతల శాస్త్రాన్ని సొంతంగా కట్టుకున్నాం. ఆ శాస్త్రం పనిచేసింది, కాదనను. అది పనిచేసింది మన స్టవ్వు, మన కుక్కరు, మన పప్పు, మన చెవి ఒక్కచోట ఉన్నంతకాలమే.

కొందరు నవీనులు "విజిలుకు మూడు నిమిషాల చొప్పున లెక్క కట్టుకోండి" అని సూత్రం చెప్తారు. ఇది అగ్రాహ్యం. పొయ్యిమీది కుక్కరులో పీడనం చదరపు సెంటీమీటరుకు ఒక కిలో దాకా పోతుంది, లోపల వేడి 120 డిగ్రీలు తాకుతుంది. కరెంటు కుక్కర్లు చాలావరకు అంతకంటే తక్కువలోనే నిలుస్తాయి, 115 నుంచి 117 డిగ్రీల దగ్గర. ఆ మూడు నుంచి అయిదు డిగ్రీల లోటును యంత్రం కాలంతో తీరుస్తుంది. కాబట్టి పాత లెక్క చెరిపేసి, ఇంట్లో ఉన్న పప్పుకు, ఉన్న బియ్యానికి కొత్తగా ఒక పట్టీ రాసుకుని ఫ్రిజ్జుకు అంటించడమే మేలు. అత్తగారు అదే చేశారు. పట్టీలో కంది, పెసర, శనగ తెలుగులో ఉన్నాయి. బటన్ల పేర్లు కూడా ఆవిడ తెలుగులోనే రాసుకున్నారు, వేయించడానికున్న 'సాటే'తో సహా.

కూత లేదు గాని = పీడనం హద్దు చేరగానే యంత్రం తనంత తానే కాయిలును ఆపి, తగ్గగానే మళ్ళీ వెలిగిస్తుంది గనుక ఆవిరిని వదలవలసిన అవసరం రాక; కూరలు ఉడికె = కూరలు ఉడికెను. కూరలు అనుట ఉపలక్షణం; పప్పు, అన్నం, రాజ్మా కూడా గ్రహించవలెను. యతి కోసం కూర వేశారుగాని ఆ పూట లోపలున్నది టమాటా పప్పు అని పెద్దలు.

ఆవిరి బయటికి పోదు గనుక నీళ్ళు తగ్గించాలన్నది ఇక్కడి ధ్వని. పొయ్యిమీద సోనా మసూరికి గ్లాసుకు రెండు గ్లాసులు పోసే చెయ్యి ఇక్కడ గ్లాసున్నర దగ్గర ఆగాలి. అదీ పాత బియ్యమైతేనే. కొత్త బియ్యానికి ఇంకాస్త తగ్గించకపోతే ముద్దవుతుంది. పప్పు విషయంలో గిన్నె లోపలి గీతలు చూడాలి. మిగతావాటికి మూడింట రెండు వంతులు నింపవచ్చుగాని, పప్పు నురగ కట్టి ఆవిరి దారికి అడ్డం పడుతుంది గనుక సగం గీత దాటరాదు. పసుపుతోబాటు నాలుగు నూనె చుక్కలు వెయ్యడం మన అమ్మమ్మలనాటి ఆచారమే, దానికి ఈ యంత్రం కూడా అడ్డు చెప్పదు. చింతపండు పులుసు మాత్రం పప్పు మెత్తబడ్డాకే పొయ్యాలి. పులుపు తగిలిన పప్పు ఉడకడానికి మొండికేస్తుంది.

ఇక టమాటా. గిన్నె అడుగున ఒక వేడి కొలిచే బొడిపె ఉంటుంది. గుజ్జు అడుగున అంటుకుని అక్కడ వేడి పెరిగితే, యంత్రం వంట ఆపేసి, తెరమీద అడుగంటిందని ఇంగ్లీషులో మొరపెట్టుకుంటుంది. అప్పుడు ఆవిరంతా వదిలి, మూత తీసి, గరిటెతో అడుగు గోకి, మళ్ళీ మొదటినుంచి రావాలి. అందుచేత నీళ్ళూ పప్పూ కింద, టమాటా ముక్కలు పైన, కలపకూడదు. వేసినది కలపకుండా ఉండడం తెలుగు గరిటెకు ఎంత కష్టమో వేరే చెప్పాలా?

మూత లోపలి రబ్బరు చక్రం గురించి ఒక్క మాట. అది సాంబారు వాసన పట్టిందంటే మరి వదలదు. పరమాన్నానికి వేరే చక్రం ఉంచుకోవడం ఆచారవంతుల పద్ధతి.

అంకె మారుచుండెన్ = తెరమీది సంఖ్య మారుచుండెను. పెరుగుచుండె అనలేదు, తరుగుచుండె అనలేదు, మారుచుండె అన్నారు. ఇందులోని ఔచిత్యం వంట చేసినవారికే తెలుస్తుంది. పది నొక్కిన వెంటనే తెరమీద పది కనబడి, మరుక్షణం మాయమై, 'ఆన్' అని వెలుగుతుంది. లోపల నీరు మరిగి ఆవిరి నిండేదాకా అదే మాట, పదిపన్నెండు నిమిషాలు. గిన్నె నిండుగా ఉంటే ఇంకా ఎక్కువ. అటుపైన పది, తొమ్మిది అంటూ దిగుతుంది. సున్నా కాగానే కీచుమని పలికి, మళ్ళీ ఒకటి, రెండు అంటూ పైకి లెక్కపెట్టడం మొదలెడుతుంది. వంట అయి ఎంతసేపైందో చెప్పడం దాని ఉద్దేశం. ఈ ఎక్కడం దిగడం ఎందుకో చెప్పేవారు లేక అత్తగారు దీన్ని రెండోసారి ఉడుకుతోందని అనుకున్నారు. అలా అనుకోవడమే సహజం.

కాబట్టి 'పది నిమిషాల పప్పు' అనగా అరగంట పైచిలుకు పప్పు అని అర్థం. నొక్కిన అంకె మూలశ్లోకం. దానికి ముందు పన్నెండు, వెనక పన్నెండు నిమిషాలు దాని వ్యాఖ్యానం. ఈ యంత్రం తొందరగా వండుతుందని అమ్మేవాళ్ళు చెప్పే మాటతో నేను ఏకీభవించను. పొయ్యిమీద ఇదే పప్పు ఇంతకంటే ముందే దిగేది. లాభం మరోచోట ఉంది. పొయ్యి దగ్గర ఎవరో ఒకరు, నూటికి తొంభైపాళ్ళు ఇంటి ఆడది, చెవి ఒగ్గి ఉండాలి. ఇక్కడ నొక్కి వదిలేస్తే మనవడిని తీసుకుని పార్కుకు పోయి రావచ్చు. తిరిగొచ్చేసరికి అది తనంత తానే ఆగి, వెచ్చగా పెట్టుకుని కూర్చుంటుంది.

ఆకలి పెరిగెను = అంకె ఎక్కినా దిగినా ఆకలి ఒక్క దిక్కుకే పోయెను. సుగమం.

పిన్ను దిగెడు దాక = మూతలో ఉన్న చిన్న లోహపు పుల్ల ఆవిరి తగ్గి కిందికి పడువరకు. ఆవిరి నిండగానే ఇది పైకి లేచి మూత తిరగకుండా అడ్డం పడుతుంది. గింజంత ఉంటుంది, పైకి లేచినప్పుడు మూతతో సమంగా వచ్చి మెరుస్తుంది, దిగితే చిన్న గుంటలో పడి నల్లగా కనబడుతుంది. కళ్ళజోడు తప్పనిసరి.

పాఠాంతరము. నాలుగో పాదాన్ని 'పిన్ను దిగక మున్నె పిలువుమమ్మ' అని మనవల శాఖవారు చదువుతారు. గణాలు సరిపోతాయి, యతి సరిపోతుంది; అర్థమే ప్రమాదకరం. వారి మతంలో పిడిని తిప్పి ఆవిరిని ఒక్కసారిగా వదిలెయ్యాలి. బీన్సుకు, కాలీఫ్లవరుకు ఈ పాఠం గ్రాహ్యమే, పైగా అవసరం. లేకుంటే ముక్క పేస్టవుతుంది. పప్పుకు, పాలు పోసిన పరమాన్నానికి ముమ్మాటికీ కాదు. ఆవిరితోబాటు నురగ ఎగజిమ్మి, పైనున్న తెల్లటి అల్మారా తలుపుమీద పసుపు ధారలు కడుతుంది. అద్దె ఇల్లయితే డిపాజిట్టు దాకా పోతుంది వ్యవహారం. పప్పుకు కనీసం పదిపన్నెండు నిమిషాలైనా దాని మానాన దాన్ని వదలాలి. ఆ సేపట్లోనూ అది ఉడుకుతూనే ఉంటుంది.

పిలువకు = భోజనానికి రమ్మని ఇంటిల్లిపాదినీ కేక వేయకుము; అమ్మ = ఓ కోడలా! సంబోధన ఎవరికన్నదానిపై వివాదముంది. మొదటి మూడు పాదాలు అత్తగారివి, నాలుగోది కోడలి హితబోధ అని కొందరు. అది పొసగదు, కోడలు ఎన్నడూ అత్తగారిని 'అమ్మ' అనదు, 'అత్తయ్యా' అనే అంటుంది. జరిగినది ఇది. కీచుమన్న శబ్దం మేడమీదికి వినబడగానే కోడలు మీటింగు మ్యూటులో పెట్టి మెట్లు దిగి వచ్చింది. "అయిపోయిందిగా అత్తయ్యా, పిల్లల్ని పిలిచెయ్యనా?" అంది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, మూతమీదికి వంగి, పిన్ను ఇంకా మెరుస్తూ ఉండడం చూసి, "ఉండమ్మా, దిగనీ" అన్నారు. ఆ మాటే ఛందస్సులో ఈ పాదమైంది.

తాత్పర్యము

మూత బిగించి విజిలు కోసం కూర్చున్నాను, విజిలు రాలేదు, వంట మాత్రం అయింది. అంకెలు ఎక్కిదిగుతుంటే ఆకలి దంచుతోంది. అయినా పిన్ను పడేదాకా ఎవరినీ పిలవకు తల్లీ, అని భావము.

పోపు ప్రస్తావన మూలంలో లేదు. 'సాటే' బటన్ పట్టీలోకి ఎక్కినా ఆవిడ దాని జోలికి పోలేదు. తెనాలినుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న ఇనుప గరిటెలో, పొయ్యిమీద, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, ఇంగువతో వేరే వేశారు గనుక అది ఈ టీకా పరిధిలోకి రాదు.