కొవ్వొత్తుల కింద చీకటి

షేర్ మార్కెట్ చార్టు గురువుగారి జోస్యం తప్పడం ఎవరైనా చూశారా? చూడలేరు. ధర గీత దాటి పైకి పోతే బ్రేకౌట్. దాటినట్టే దాటి బోర్లా పడితే ఫేక్ బ్రేకౌట్. రెండూ ఆయన సిలబస్‌లో ఉన్నవే. చార్టులో హెడ్ అండ్ షోల్డర్స్ ఆకారం కనిపించింది, అమ్మేయండి అంటారు. మనం అమ్మిన మర్నాడే షేరు ఎగిరితే, కుడి భుజం ఇంకా పూర్తి కాలేదని సెలవిస్తారు. మన పంచాంగం నయం. ఆదాయం 2, వ్యయం 14 అని ఉగాది పూటే మొహమాటం లేకుండా చెప్పేస్తుంది.

అమెరికాలో బర్టన్ మాల్కీల్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు తన విద్యార్థుల చేత నాణెం ఎగరేయించాడు. బొమ్మ పడితే ధర అర డాలరు పైకి, బొరుసు పడితే అర డాలరు కిందికి. అలా తయారైన చార్టును ఒక నిపుణుడికి చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచినంత పనిచేసి, ఏ కంపెనీ ఇది, వెంటనే కొనాలన్నాడట. ఈ ముచ్చట 1973లో వచ్చిన మాల్కీల్ పుస్తకం ద్వారా లోకమంతా పాకింది. ఆ నిపుణుడి సంతతి ఇప్పుడు టెలిగ్రామ్‌లో దుకాణం తెరిచింది.

ఆ దుకాణం లెక్క చాలా సులువు. 1,024 మందిని పోగెయ్యండి. సగం మందికి రేపు నిఫ్టీ పెరుగుతుందని, సగం మందికి పడుతుందని మెసేజ్ కొట్టండి. తప్పు మెసేజ్ అందినవాళ్లను వదిలేసి, మిగతా సగానికి మర్నాడు మళ్లీ అదే వరస. ఏడు రోజులు తిరిగేసరికి ఎనిమిది మంది మిగులుతారు. వాళ్ల కళ్లకు మీరు త్రికాలజ్ఞాని. వరసగా ఏడుసార్లు అచ్చుగుద్దినట్టు జరిగింది మరి! ప్రీమియం గ్రూపు ఫీజు ఎంతని వాళ్లే అడుగుతారు.

అసలు మోసం కూడా అక్కర్లేదు. కోటి మంది నాణేలు ఎగరేస్తే వరసగా పదిసార్లు బొమ్మ పడేవాళ్లు సుమారు పదివేల మంది తేలతారు. అందులో ఒకాయన ఉద్యోగం మానేసి, అద్దెకారు ముందు నిలబడి, 'నా సక్సెస్ సీక్రెట్' అని వీడియో వదులుతాడు. మిగతా తొంభై తొమ్మిది లక్షల చిల్లర జనానికి మైకు ఎవరిస్తారు?

మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చింది, పాపం. 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్క ప్రకారం, 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది చేతులు కాల్చుకున్నారు. ఊడ్చుకుపోయింది 1.8 లక్షల కోట్లకు పైమాటే. ఖర్చులు పోను లక్ష రూపాయలు దాటి మిగిలింది నూటికి ఒక్కరికి. వరసగా రెండేళ్లు పోగొట్టుకున్నవాళ్లలో ముప్పాతిక మందికి పైగా మళ్లీ ఆటకొచ్చారట. పట్టుదల అంటే అదీ!

మరి ఆ డబ్బు ఎటు పోయింది? 2023-24 ఒక్క ఏడాదిలోనే, ఖర్చులు లెక్కేయకముందు, సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు 33 వేల కోట్లు, విదేశీ మదుపరులు 28 వేల కోట్లు వెనకేసుకున్నారు. అందులో అధికభాగం అల్గోలనే కంప్యూటర్ ప్రోగ్రాములు సంపాదించి పెట్టినదే. లంచ్ బ్రేక్‌లో ఫోను తిప్పుకుంటూ చార్టులో డోజీ క్యాండిల్ దొరికిందని మురిసే మన అబ్బాయికి అవతల కూర్చున్నది ఆ కంప్యూటర్. అమీర్‌పేటలో వారాంతపు క్లాసుకెళ్లి దాన్ని కొట్టేద్దామనే!

2025 జనవరిలో సెబీ ఒక ఆంక్ష పెట్టింది. పాఠాలు మాత్రమే చెప్పుకునేవాళ్లు గత మూడు నెలల ధరలు ముట్టుకోకూడదంది. గురువుగారు కుదేలవుతారని కొందరు అమాయకులు సంబరపడ్డారు. ఆయనకేం? నిరుటి చార్టు మీద ఆయన గీసిన గీతను ధర ఇంతవరకూ ఒక్కసారి కూడా ధిక్కరించలేదు. పాఠానికి పాత రేట్లు పెట్టుకుంటారు, ఫీజు మాత్రం నేటి రేటుకే.