గుర్రం నెమరేస్తలేదు సారూ

నా గుర్రం పేరు బిజిలీ. ఆ పేరుతో పిలిచేది నేనొక్కణ్నే. కొట్టం యజమాని పటేలుకు అది లక్ష్మి. ఆయన కొట్టంలో అడుగుపెట్టిన ఆడజీవి ఏదైనా లక్ష్మే. బడిపిల్లలకు చేతక్. రాణా ప్రతాపుడి గుర్రం మగదిరా అని చెప్పి చూశాను, చరిత్ర వాళ్లకు అడ్డం రాలేదు. పక్క గుంజకు తన పెళ్లిగుర్రాన్ని కట్టుకునే బరాత్ చాచా మాత్రం "సారు గుర్రం" అంటాడు. అందులో గౌరవం కన్నా జాలి ఎక్కువ. పేరు విషయంలోనే ఇంతమంది చెయ్యి పెట్టారంటే మేత సంగతి వేరే చెప్పాలా?

నేనుండేది కామారెడ్డిలో. 2016 అక్టోబరులో మాకు జిల్లా వచ్చింది, కలెక్టరొచ్చాడు, ఎస్పీ వచ్చాడు, గుర్రాన్ని కట్టేసుకునే చోటు మాత్రం రాలేదు. అద్దెంటి వాకిట్లో స్కూటరు పెడితేనే ఓనరమ్మ మొహం మాడుస్తుంది. అందుకని నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతరలో, ఖండోబా సాక్షిగా, చాచా బేరమాడి కొనిపెట్టిన ఈ గుర్రాన్ని ఎల్లారెడ్డి శివారులో పటేలు బర్రెల కొట్టంలో ఉంచాను. నెలకింత అని కిరాయి. గడ్డి, నీళ్లు, ఊడ్చుడు ఆయనవి. దాణా, నాడాలు, డాక్టరు నావి. బ్రిటన్‌లో ఇలాంటి ఏర్పాటును లివరీ యార్డు అంటారు. అక్కడా నీ గుర్రానికి నువ్వు కప్పిన దుప్పటి తీసేసి పక్కామె ఇంకోటి కప్పుతుందట, అడక్కుండా క్యారెట్లు పెడుతుందట. ఆ దేశస్థుల మీద నాకు ఏ సానుభూతీ లేదు. వాళ్ల పక్కామెకు కనీసం గుర్రమంటే ఏమిటో తెలుసు.

మా దగ్గర అందరికీ తెలిసింది బర్రె. మామూలుగా తెలియడం కాదు, క్షుణ్ణంగా తెలుసు. పొదుగు చూసి పూటకెన్ని లీటర్లో చెప్పేవాళ్లు, అరుపు వినే ఎదకొచ్చిందో లేదో తేల్చేవాళ్లు వీధికి నలుగురున్నారు. తరతరాల విద్య. చిక్కల్లా ఏమిటంటే, వాళ్ల లెక్కలో గుర్రం కొమ్ములు రాని, పాలియ్యని, పొగరెక్కువైన బర్రె.

ఒకరోజు తెల్లవారకముందే పటేలు తల్లి ఫోన్ చేసింది.

"బిడ్డా, జర జల్ది రా. నీ గుర్రం నెమరేస్తలేదు."

"ఎప్పట్నుంచి అవ్వా?"

"నిన్నటి సంది సూస్తున్న. ఒక్కపారి గూడ ఏస్తలేదు."

"అది పుట్టినకాణ్నుంచి వెయ్యలేదు అవ్వా."

అవతల కాసేపు చప్పుడు లేదు.

"పుట్టుకతోనే రోగమా? తెలిసి తెలిసి ఎట్ల కొన్నవు బిడ్డా?"

గుర్రం నెమరు వేసే జాతి కాదని, బర్రెకున్నట్టు దానికి నాలుగరల పొట్ట ఉండదని, ఉన్నది ఒక్కటే సంచి అని చెప్పాను. అదీ చిన్నదే. అంత ఒడ్డూపొడవూ ఉన్న జంతువుకు ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు పట్టే పొట్ట. అందుకే కొంచెం కొంచెంగా రోజంతా మేస్తూనే ఉంటుంది. మూడున్నర క్వింటాళ్ల గుర్రానికి రోజుకు ఐదు నుంచి ఏడు కిలోల ఎండుమేత కావాలి, నీళ్లు బకెట్ల కొద్దీ తాగాలి. అంతా ఓపిగ్గా విని అవ్వ, "పాపం, ఒక్క పొట్టేనా?" అంది. ఆ రోజునుంచి అది ఆమె కళ్లకు వికలాంగురాలు. తవుడు కలిపిన కుడితి తొట్టి దాని ముందుకు జరిగింది. నేను వెనక్కి జరిపి కామారెడ్డి చేరేసరికి తొట్టి మళ్లీ ముందుకు జరిగేది.

నిద్ర సంగతి ఇంకోటి. గుర్రం కాళ్ల కీళ్లను బిగించుకుని నిలబడే కునుకు తీస్తుంది. ఆ ఏర్పాటు దాని ఎముకల్లోనే, స్నాయువుల్లోనే ఉంది. గాఢనిద్రకు మాత్రం కాసేపైనా ఒరగాలి. ఈ రెంటిలో ఏది చేసినా నాకు ఫోన్ వచ్చేది. నిలబడితే "కూసుంటలేదు సారూ, మోకాళ్ల నొప్పులున్నట్టున్నయి" అని జీతగాడు. ఒరిగితే అదే జీతగాడు, గొంతు తగ్గించి, "సారూ... పోయినట్టుంది" అని. తాడ్వాయి, లింగంపేట మీదుగా బండి మీద పడుతూ లేస్తూ వెళ్తే, పోయిన గుర్రం గడ్డి నములుతూ నన్ను ఎగాదిగా చూసేది.

నాడాల గొడవ చెప్పకపోతే ఈ వ్యాసానికి అన్యాయం జరుగుతుంది. గుర్రానికి నాడా వెయ్యాలని ఎవరో అనగానే పటేలు మంచిమనసుతో, నాకు చెప్పకుండా, ఎడ్లకు నాడాలు కొట్టే పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన మోకులు, ఇద్దరు పహిల్వాన్లతో దిగాడు. ఎద్దునైతే పడగొట్టి, నాలుగు కాళ్లూ కట్టి, చీలిన గిట్టకు రెండేసి ముక్కలు కొడతారు. గుర్రానికి గిట్ట ఒకటే, నాడా ఒకటే, పనంతా అది నిలబడి ఉండగానే. "ముందుగాల పడగొట్టాలె గద సారూ" అని పెద్దమనిషి మోకు విప్పుతుంటే నేను అడ్డం నిలబడ్డాను. నాకన్నా ముందు గుర్రమే తన అభిప్రాయం వెనక కాలితో చెప్పింది. పహిల్వాన్లలో ఒకాయన వరిగడ్డి కుప్పలో తేలాడు. తరువాత పట్నం నుంచి నాల్‌బంద్‌ను పిలిపించుకున్నాను. పాత నాడాల కోసం అప్పటికే ఊళ్లో వరస కట్టారు. గడపకు కొట్టుకోవడానికి కొందరికి, శనిదోషానికి ఉంగరం చేయించుకోవడానికి కొందరికి. అరిగిందైతేనే మంచిదట. కాబట్టి ఇప్పుడు నా గుర్రం కాలు ఎత్తి నాడా ఎంత అరిగిందో చూసిపోయేవాళ్లు తయారయ్యారు. కాలికున్నది కాలికుండగానే బుకింగు అయిపోతోంది.

చాచాది వేరే స్థాయి. ఆయనకు నిజంగానే గుర్రం తెలుసు, అదే ప్రమాదం. తెలియనివాడి మాట తీసిపారేయొచ్చు, తెలిసినవాడు నోరు తెరిస్తే వినక చస్తామా? మెడ మీద ఒక సుడి చూపించి పెదవి విరిచాడు. కొనేటప్పుడు ఆ సుడి కనబడలేదా చాచా అంటే, "అప్పుడు బేరం మీదున్న" అన్నాడు. సుడుల పిచ్చి చాచాతో మొదలైంది కాదు. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసమే రాశాడు. గుర్రాన్ని కొనేముందు జాతకం చూడడం మనకు శాస్త్రం. కొన్న తరువాత చూసి చెప్పడం మాత్రం చాచా సొంతం.

ఆయన చేసిన అసలు పని సుడి కాదు. ఒకరోజు రోడ్డు వారన స్వారీ చేస్తున్నాను. పాటలు పెట్టుకుని ఒక ట్రాక్టరు పోతోంది. ఉన్నట్టుండి నా కిందున్న బిజిలీ ఆగి, ముందుకాలెత్తి, తాళం తప్పకుండా ఆడడం మొదలుపెట్టింది. ట్రాక్టరు డ్రైవరు పాట సౌండు పెంచాడు. నేను జీను పట్టుకుని ఎటూ కాకుండా ఊగుతున్నాను. చాచాను నిలదీస్తే, "ఖాళీగ నిలబడితే జాన్వర్ ఖరాబైతది సారు. జర పని నేర్పిన, అంతే" అన్నాడు. ఎన్నాళ్లనుంచి నేర్పుతున్నాడో, మధ్యలో ఎందరు పెళ్లికొడుకులు ఎక్కి దిగారో అడిగితే, చాచా తన గుర్రానికి ఖరారా రుద్దే పనిలో పడ్డాడు.

విరాటపర్వంలో నకులుడు దామగ్రంథి పేరుతో విరాటరాజు గుర్రాలను చూసుకుంటూ అజ్ఞాతవాసం గడిపాడు. ఏడాదంతా ఎవరూ వేలు పెట్టలేదు. అది మత్స్యదేశం గనక సరిపోయింది. మా కొట్టంలో అయితే మూడోనాటికి "ఏ ఊరు తమ్మీ మీది, ఎంతమంది అన్నదమ్ములు, జీతమెంత" అని ఆరా తీసి పాండవుల్ని మళ్లీ అడవికి పంపేవాళ్లు.

ఇంతమంది చేతుల్లో ఒక చేతి సంగతి మాత్రం వేరుగా చెప్పాలి. సలహా ఇచ్చేవాళ్లలో లద్ది ఎత్తేవాళ్లు ఉండరు కదా, అవ్వ ఎత్తేది. గుర్రపు లద్ది ఆమె గోంగూర మడికి బాగా పట్టింది. రోజూ పొద్దున, సాయంత్రం గంపతో వచ్చి లెక్కగా తీసుకుపోయేది. ఒకరోజు ఊళ్లో ఎవరిదో పెళ్లి. మిగిలిన బగారన్నం, దానిమీద డబల్ కా మీఠా, ఎవరో పుణ్యాత్ములు బకెట్టుతో తెచ్చి గుర్రం ముందు పెట్టారు. ఎవరన్నది ఈనాటికీ తేలలేదు. చీకటి పడ్డాక అవ్వ ఫోన్: "బిడ్డా, పొద్దటి సంది లద్ది ఎయ్యలే. కడుపు దిక్కు మర్లి మర్లి సూస్కుంటున్నది."

ఈసారి నెమరు కాదు, శూల. గుర్రం కక్కలేదు. పొట్ట మూతి దగ్గర కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. లోపలికి పోయింది పేగుల్లోంచే పోవాలి, పోకపోతే ప్రాణం మీదికొస్తుంది. నేను చేరేసరికి కొట్టం చుట్టూ జనం. వాము కషాయం ఒకరి చేతిలో, నువ్వులనూనె ఇంకొకరి చేతిలో, బర్రెలకు మందు పోసే వెదురు గొట్టం మూడో ఆయన చేతిలో. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పుంది. అవ్వ దాని ముందు చీపురు పట్టుకుని నిలబడి ఒక్కణ్నీ దగ్గరికి రానివ్వలేదు. "దానికి ఒక్కటే పొట్టరా, మీలెక్క కాదు!" పశువుల డాక్టరొచ్చి, నొప్పి తగ్గడానికి ఇంజెక్షనిచ్చి, ముక్కులోంచి గొట్టం వేసి పొట్ట ఖాళీ చేశాడు. చాచా దాన్ని రాత్రంతా మెల్లగా నడిపించాడు. తెల్లవారుతుండగా లద్ది పడింది. నలుగురైదుగురు చప్పట్లు కొట్టారు. అవ్వ గంప తెచ్చుకుంది.

అప్పటినుంచి అవ్వను ఏమీ అనలేను. కుడితి తొట్టి జరిపినా సరే, అడుగున ఏముందో చూసి నీళ్లే అయితే ఊరుకుంటాను. గుర్రం దగ్గరికి ఎవరూ రావద్దంటే ఆ రాత్రి అవ్వా వచ్చేది కాదు, రమ్మంటే బగారన్నం బకెట్టూ వస్తుంది. మధ్యేమార్గంగా ఒక బోర్డు రాయించి కొట్టం గుంజకు కొట్టాను: "ఈ గుర్రానికి అన్నము, కుడితి, బెల్లము, బిస్కెట్లు పెట్టరాదు. సందేహములున్న ఫోన్ చేయగలరు." కింద నా నంబరు. ఆదివారాలు నిజాంసాగర్ ఆనకట్ట చూసి తిరిగొచ్చే కార్లవాళ్లు బోర్డు ముందు నిలబడి ఫొటోలు దిగి, బిస్కెట్లు పెట్టి పోతున్నారు.

మళ్లీ వెళ్లేసరికి బోర్డు మీద సుద్దముక్కతో సవరణలు పడ్డాయి. బెల్లం పక్కన "కొంచెం పర్వాలేదు". అన్నం పక్కన "బగార వద్దు, తెల్లది ఓకే". నా నంబరు పైన, గుండ్రటి అక్షరాల్లో, "శుభకార్యములకు సంప్రదించండి".

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. నిన్న బాన్సువాడ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. నా గుర్రం కిరాయికివ్వడానికి కాదండీ అన్నాను.

"గట్లంటవేంది సారూ, డ్యాన్సు మంచిగ చేస్తదని చాచా చెప్పిండు గద?"

"చేస్తుంది, కానీ..."

"చేస్తే సాలు. మరి డీజే మీదేనా, మేమే తెచ్చుకోవాల్నా?"