యాభై డాలర్ల బారసాల

టామ్ అండ్ జెర్రీకి ఆ పేర్లు ఎలా వచ్చాయో తెలుసా అని ఎవరైనా అడిగితే పొరపాటున కూడా 'తెలీదు' అనకండి. అన్నారో, ఆ తర్వాతి అరగంట మీది కాదు.

అడిగినవాడు గొంతు తగ్గిస్తాడు. "టామ్ అంటే టామీ. బ్రిటిష్ సిపాయి. జెర్రీ అంటే జర్మన్ సిపాయి. ఆ కార్టూన్ మొదలైంది 1940లో. అప్పుడు ఏం జరుగుతోంది? రెండో ప్రపంచ యుద్ధం!" అని కళ్లెగరేస్తాడు. పిల్లి వెనక చర్చిల్, ఎలుక వెనక హిట్లర్ నిలబడి ఉన్నట్టు మనమూ భయభక్తులతో తలూపాలి.

చిక్కేమిటంటే, విడివిడిగా చూస్తే అన్నీ నిజాలే. బ్రిటిష్ సిపాయిని టామీ అనడం పందొమ్మిదో శతాబ్దం నాటి అలవాటు. సైన్యం తన నమూనా ఫారాల మీద 'టామీ అట్కిన్స్' అని రాసుకునేది. జర్మన్లని జెర్రీలనడమూ ఉంది. యుద్ధమూ జరిగింది. మిగిలిందల్లా బోడిగుండుకీ మోకాలికీ ముడి పెట్టడమే. ఆ పని అభిమానులు భుజాన వేసుకున్నారు.

సరే, ఒప్పుకుందాం. మరి దాదాపు ప్రతిసారీ గెలిచేది ఎవరు? జెర్రీ! అంటే యుద్ధకాలంలో కాలిఫోర్నియాలో ఓ అమెరికన్ స్టూడియో పనిగట్టుకుని జర్మన్ల చేత బ్రిటిష్‌వాళ్లని తన్నించి, ఆ ముచ్చట చిన్నపిల్లలకి చూపించిందన్నమాట. పైగా ఆస్కార్ వాళ్లు చప్పట్లు కొట్టి బహుమతులిచ్చారు. ఒకటి కాదు, మొత్తం ఏడు.

ఆ ఏడింటిలో మొదటిది 'ది యాంకీ డూడుల్ మౌస్', 1943. అందులో యుద్ధం నిజంగానే ఉంది. రంగస్థలం ఇంటి కింద సెల్లార్. జెర్రీ కన్నం మీద 'క్యాట్ రెయిడ్ షెల్టర్' అని బోర్డు. కోడిగుడ్ల పెట్టె మీద 'హెన్ గ్రెనేడ్స్' అని రాసి ఉంటుంది; ఆ గుడ్లు వెళ్లి టామ్ మొహాన పగులుతాయి. చివర్లో టామ్‌ని రాకెట్‌కి కట్టి పైకి పంపితే, అది పేలి ఆకాశంలో అమెరికా జెండా విచ్చుకుంటుంది. ఎలుకగారు సెల్యూట్ కొడతారు. మరిన్ని పిల్లుల్ని పంపమని పై అధికారులకి కబురు పెట్టి 'లెఫ్టినెంట్ జెర్రీ మౌస్' అని సంతకం కూడా చేస్తారు. ఇదీ మన జర్మన్ సిపాయి నిర్వాకం! ఈ సంగతి చెప్పినా వాదించేవాడు చలించడు. "అదేనండీ, డబుల్ ఏజెంట్" అంటాడు. అతను పట్టిన ఎలుకకి మూడే కాళ్లు.

అసలు జరిగింది వింటే ఉసూరుమంటారు. 1940 ఫిబ్రవరిలో ఎంజీఎం 'పస్ గెట్స్ ద బూట్' అనే చిన్న సినిమా విడుదల చేసింది. అందులో పిల్లి పేరు జాస్పర్. ఎలుకని తెర మీద ఎవరూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. తీసిన విలియమ్ హన్నా, జోసెఫ్ బార్బెరాల గతీ అంతే. టైటిల్లో రుడాల్ఫ్ ఐసింగ్ పేరే వేశారు. అంతటితో వదిలేద్దామనుకున్నారు గానీ, జనానికి నచ్చింది, థియేటర్ల వాళ్లు ఇంకా కావాలన్నారు. సిరీస్ అన్నాక పేర్లుండాలి కదా! స్టూడియోలో పోటీ పెట్టారు. జాన్ కార్ అనే యానిమేటర్ సూచించిన జంట గెలిచింది. బహుమతి యాభై డాలర్లు. 1941లో వచ్చిన 'ది మిడ్‌నైట్ స్నాక్' నుంచి అవే పేర్లు ఖాయమైపోయాయి.

ఎనభై ఏళ్లు దాటి ప్రపంచమంతా పలుకుతున్న పేర్లకి ఆఫీసు పోటీ, యాభై డాలర్ల కవరు! ఏ అభిమాని గుండె తట్టుకుంటుంది?

అందుకే రెండో బృందం సీసా పట్టుకుని వచ్చింది. వీళ్ల వాదన ప్రకారం మూలం మందు. ఇదీ ఉత్త కల్పన కాదు. 1821లో లండన్‌లో పియర్స్ ఈగన్ అనే ఆయన రాసిన 'లైఫ్ ఇన్ లండన్'లో టామ్, జెర్రీ అని ఇద్దరు జల్సారాయుళ్లు ఊరంతా తిరుగుతారు. పుస్తకం ఆడింది, నాటకం ఆడింది, ఆ జోరులో ఓ పానీయానికీ ఆ పేరే పెట్టేశారు. కోడిగుడ్లు పంచదారతో నురగొచ్చేలా గిలక్కొట్టి, బ్రాందీ, రమ్ము పోసి, పైన వేడి పాలు. అమెరికాలో క్రిస్మస్‌కి ఇది తాగడానికి 'టామ్ అండ్ జెర్రీ' అని అచ్చువేసిన తెల్ల గిన్నె, దానికి జోడుగా చిన్న కప్పులు కూడా అమ్మేవారు. కార్టూన్ వచ్చేనాటికే నూట ఇరవై ఏళ్లుగా జనం నాలుక మీద నానుతున్న జంట పేరది. పోటీ అనగానే ఎవరి నోటికైనా ముందు వచ్చేదే. కానీ ఇంత మామూలుగా చెబితే వినేదెవరు? 'పిల్లల కార్టూన్ వెనక మద్యం కుట్ర' అంటే వింటారు.

మూడో ఆధారం ఒకటుంది. పాపం, దాన్ని పలకరించేవాళ్లే లేరు. 1931 నుంచి 1933 దాకా వాన్ బ్యూరెన్ స్టూడియో 'టామ్ అండ్ జెర్రీ' పేరుతోనే కార్టూన్లు తీసింది. పిల్లీ ఎలుకా కాదు, ఒక పొడుగాయన, ఒక పొట్టాయన. ఆ స్టూడియోలో అప్పట్లో బొమ్మలు గీసినవాళ్లలో సాక్షాత్తూ మన బార్బెరా ఒకడు! నన్నడిగితే ఆలోచించాల్సిన సంగతి ఇదే. కానీ ఇందులో బాంబు లేదు, బ్రాందీ లేదు. అభిమానికి కిక్కెక్కడిది? ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టు, ఆ ఇద్దరు మనుషులకీ తర్వాత డిక్, లారీ అని పేర్లు మార్చేశారు. పిల్లీ ఎలుకల కోసం మనుషులు పేర్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఈ అన్యాయం మీద ఒక్క సిద్ధాంతకర్తా నోరు మెదపలేదు.

ఇన్ని దేశాలు ఇన్ని సిద్ధాంతాలు చేస్తుంటే తెలుగువాళ్లం చూస్తూ ఊరుకోవడం నాకు నామోషీగా ఉంది. టామ్‌తో పోటీపడే నల్ల పిల్లి ఉంది చూశారూ, వీధుల్లో తిరిగే రౌడీది? దాని పేరు బుచ్. అది బుచ్చిబాబుకి కురచ రూపమని నా పరిశోధనలో తేలింది. పిలవని పేరంటానికి ముందే వచ్చి కూర్చోవడం, ఎదుటివాడి పళ్లెంలో చెయ్యి పెట్టడం, పక్కింటి పిల్లని చూడగానే మీసం సవరించడం – ఇవన్నీ గోదావరి జిల్లాల లక్షణాలు కావంటే రుజువులు పట్టుకుని రండి. ఇంటిపేరు ఒక్కటే ఇంకా తేలలేదు. కాకినాడ వైపు వాకబు చేయిస్తున్నాను.