నడుంనొప్పిని పదికాలాలు నిలబెట్టుకునే చిట్కాలు

2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మందికి నడుంనొప్పి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. చిక్కేమిటంటే, కొత్తగా పట్టుకున్న నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ఇంతమందికి దక్కిన భాగ్యాన్ని మనం నెల తిరక్కుండా పోగొట్టుకుంటామా? హైదరాబాద్‌లో ఆబిడ్స్, నాంపల్లి వైపు తిరిగేవారు కింది సూచనలు తు.చ. తప్పక పాటించాలి.

1. మూట ఎత్తే పద్ధతి
పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో ఆగగానే సీటు కింది బియ్యం మూట లాగండి. మోకాళ్లు వంచొద్దు, నడుం ఒక్కటే వంచండి. మూటను ఒంటికి దూరంగా పట్టుకుని, లేస్తూనే తలుపు వైపు మెలి తిరగండి. కలుక్కుమంటుంది. అననివ్వండి, పోర్టరు డబ్బులు మిగిలాయి.

2. మెడకు వ్యాయామం
జగదీశ్ మార్కెట్‌లో ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లను చూసి నేర్చుకోండి. ముందు బల్ల మీద విప్పిన బోర్డు, చేతిలో సోల్డరింగ్ ఐరన్, ఛాతీకి ఆనిన గడ్డం. ఈలోగా సొంత ఫోను మోగితే చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడతారు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేసినా, స్టాండు పెట్టి బోర్డును కాస్త పైకి లేపినా మెడ బిగువు సడలిపోయే ప్రమాదం ఉంది. జాగ్రత్త.

3. పర్సు ఎక్కడుండాలి?
ప్యాంటు వెనక జేబులోనే. పాత బిల్లులు, కార్డులు, దేవుడి ఫొటోలు కుక్కిన పర్సు మీద గల్లాపెట్టె ముందు పొద్దస్తమానం కూర్చుంటే ఒక పిర్ర ఎత్తు, ఒకటి పల్లం అవుతాయి. పర్సు వైపు కాలు లాగడం మొదలవగానే ‘సయాటికా’ అని తేల్చేయండి. పర్సు తీసి చూడాలన్న ఆలోచనే రానివ్వొద్దు.

4. ఆరా తీయకండి
ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనేముందు చివరి పేజీ ఉందా, చెదలు పట్టిందా అని పది సార్లు తిరగేస్తాం. నొప్పికి అంత మర్యాద అక్కర్లేదు. ‘నడుం పట్టేసింది’ అంటే చాలు.

ఆరా తీస్తే సంగతులు బయటపడతాయి. దగ్గినా తుమ్మినా పిర్ర నుంచి మోకాలి కిందికి జివ్వున పాకితే, డిస్కు నరాన్ని నొక్కుతోందేమో. నుమాయిష్‌లో నాలుగు స్టాళ్లు తిరిగేసరికి కాళ్లు బరువెక్కి, ముందుకు వంగితేనో కూర్చుంటేనో తేలికపడితే, వెన్నులో నరాల దారి ఇరుకైందేమో. పాతికేళ్లవాడికి పొద్దున లేవగానే అరగంటకు పైగా నడుం బిగుసుకుపోయి, పనిలో పడ్డాక సర్దుకుంటుంటే, కీళ్లవాతమేమో. పక్క నుంచి గజ్జల్లోకి తెరలు తెరలుగా దిగి, మూత్రం ఎర్రగా వస్తే కిడ్నీలో రాయేమో. ఇవన్నీ చెబితే డాక్టరు పని సులువవుతుంది. ఆయన పని సులువు చేయడానికా మనం ఫీజు కట్టేది?

5. ముందు స్కానింగ్, తర్వాతే డాక్టరు
రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని ఉంటే కుటుంబం వాట్సప్ గ్రూపులో పెట్టండి. మధ్యాహ్నానికల్లా బావమరిది ఆపరేషన్ ఖాయం చేస్తాడు. నొప్పే లేనివాళ్ల స్కాన్లను పోగేసి చూసిన 2015 నాటి పరిశీలనలో, ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతానికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతానికి అలాంటి ఉబ్బే కనబడింది. ఈ ముక్క బావమరిదికి తెలియనివ్వకండి. ఇక నెల్లాళ్లు మంచం దిగొద్దు. నడక మానేస్తే కండరాలు నీరసించి, నొప్పి ఎటూ పోకుండా ఉంటుంది.

6. ఇంటివైద్యం, వీధివైద్యం
కటింగ్ షాపులో గడ్డం గీయించుకుని, పనిలో పనిగా మెడ టక్కుమనిపించుకోండి. మెదడుకు నెత్తురు మోసే నాళం చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు అరుదు. ఆ అరుదైనవాళ్లలో మీరుండరని ధైర్యంగా నమ్మండి. డిస్కు జారినా పుత్తూరు కట్టు కట్టించండి. ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ని వెతికి నడుం తొక్కించుకోండి. మెడ పట్టేస్తే దిండు ఎండలో వేయమంటారు పెద్దలు. దానివల్ల హాని ఏమీ లేదు కనుక నేను సిఫారసు చేయను.

7. నా చిట్కాలు చెల్లని చోటు
మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే భాగం తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా, మెడనొప్పితో పాటు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్లు తడబడినా, నడక తూలినా నా సలహాలు కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. జ్వరంతో, బరువు తగ్గుతూ, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి వెన్నులో టీబీ కావచ్చు, ఇంకేదైనా పెద్ద జబ్బూ కావచ్చు. బాత్రూంలో జారిన నానమ్మకు వెన్నుపూస చితికి ఉండొచ్చు. మెడ, దవడ, ఎడమ చేయి లాగుతూ చెమటలు పోస్తే అది గుండె పని కావచ్చు, 108కి ఫోన్ చేయండి.

‘రేపు ఆదివారం, ఎల్లుండి నాంపల్లి కోర్టులో వాయిదా, ఆ తర్వాత చూద్దాం’ అని మాత్రం అనకండి. నరం చచ్చుబడితే కాలు పడిపోతుంది. కాలే నిలబడనప్పుడు నడుంనొప్పిని నిలబెట్టుకుని ఏం లాభం?